గణనయంత్రమున కవిత్వము

కవి పద్యము వ్రాసిన పిదప అందలి పదములు మారవు. పాఠకుడు ఎన్నిసార్లు చదివినను అది అదే పద్యము. కాని ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వేరొక పద్ధతి బయలుదేరినది. ఇందు రచయిత వాక్యములను వ్రాయడు. వాక్యములు ఎట్లు కూడవలెనో తెలుపు నియమమును వ్రాయును. కూర్చెడి పని గణనయంత్రమునది, అనగా కంప్యూటరుది. కొన్ని రచనలలో ఆ పనియందు పాఠకునకును పాలు కలదు.

ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఫెరాంటి మార్క్ 1 అను కంప్యూటరు ఉండెను. హారో పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన క్రిస్టొఫర్ స్ట్రేచీ 1952లో దానిచేత ప్రేమలేఖలు వ్రాయించెను. విశేషణములు, నామవాచకములు, క్రియలు, క్రియావిశేషణములు వేరువేరు పట్టికలుగా యంత్రమునకు అందించి, వాక్యనిర్మాణమునకు రెండు మచ్చులు ఏర్పరచెను. ఏ పట్టికనుండి ఏ పదము తీయవలెనో యాదృచ్ఛిక సంఖ్య నిర్ణయించును. అట్టి సంఖ్యలను పుట్టించు సాధనము ఆ యంత్రమునందే కలదు. లేఖ చివర సంతకముగా యంత్రము పేరులోని పొడి అక్షరములు ఉండెడివి.

యంత్రమునకు ప్రేమ యననేమో తెలియదు. అయినను లేఖలు ఒకదానివలె ఒకటి యుండవు. కారణమేమి? ఒక వాక్యమున నాలుగు ఖాళీ స్థానములున్నవనుకొందము. ఒక్కొక్క స్థానమునకు పదేసి పదములున్నచో, ఏర్పడు వాక్యములు 10 × 10 × 10 × 10, అనగా 10,000. వ్రాసియుంచినవి నలువది పదములు మాత్రమే! ఇట్టి లెక్క తెలుగు విద్యార్థులకు క్రొత్తది కాదు. ఛందస్సులో ప్రతి అక్షరము గురువో లఘువో కావలెను గనుక మూడక్షరముల గణములు 2 × 2 × 2, అనగా ఎనిమిది మాత్రమే వచ్చుచున్నవి. స్ట్రేచీ 1954లో ఒక వ్యాసమున తన పద్ధతిని వివరించుచు, పథకము ఇంత సులువైనను లేఖలలో అంత వైవిధ్యము కలుగుటయే గమనింపదగిన విషయమని తెలిపెను.

1959లో జర్మనీలోని స్టుట్‌గార్టునందు తియో లుట్స్ అనునతడు జూజె జెడ్ 22 అను కంప్యూటరుచేత ఇట్టి వాక్యములనే కూర్పించెను. పదములను అతడు కాఫ్కా రచించిన నవలనుండి గ్రహించెను. 1961లో ఫ్రెంచి రచయిత రేమో కెనో యంత్రమే లేకుండ ఈ సూత్రమును పుస్తకరూపమున చూపెను. అతడు పదునాలుగేసి పాదములుగల పది పద్యములను వ్రాసి, ప్రతి పాదమును వేరువేరు కాగితపు పట్టీగా కోయించెను. పాఠకుడు పట్టీలను త్రిప్పినకొలది క్రొత్త పద్యమేర్పడును. వాటి సంఖ్య 10ని పదునాలుగుసార్లు వేసి గుణించినంత. నిమిషమునకొకటి చొప్పున రేయింబవళ్ళు చదివినను అన్నిటిని ముగించుటకు సుమారు 19 కోట్ల సంవత్సరములు పట్టును.

కెనో పుస్తకమున పాఠకుని చేతికి చిక్కిన ఎన్నిక, కంప్యూటరు ఆటలలో మరింత విస్తరించెను. అమెరికాలో గుహలను అన్వేషించు అలవాటుగల విల్ క్రౌథర్ 1975-76 ప్రాంతమున కెంటకీ రాష్ట్రమందలి మామత్ గుహ ఆధారముగా ఒక ఆటను వ్రాసెను. డాన్ వుడ్స్ 1977 నాటికి దానిని పెంచెను. ఇందు బొమ్మలు లేవు, మాటలే కలవు. ఆడువాడు ఎటు పోవలెనో, ఏమి తీసికొనవలెనో ఒకటి రెండు మాటలలో ఆదేశించినచో కథ ముందునకు సాగును. తదుపరి కాలమున కవులు ఆటనే కవితకు రూపముగా గ్రహించిరి. జేసన్ నెల్సన్ 2007లో వెలువరించిన ఒక రచనయందు, ఆడువాడు చేతిగీతల బొమ్మల నడుమ దుముకుచు పోవుచుండగా కవితాపంక్తులు బయల్పడును.

అయితే ఇట్టి రచనలకు ఒక అపాయము కలదు. అచ్చుపుస్తకమును చదువుటకు కన్నులు చాలును. వీటికి తగిన యంత్రము, సాఫ్ట్‌వేరు కావలెను. నెల్సన్ రచనవంటివి ఎన్నియో ఫ్లాష్ అను సాఫ్ట్‌వేరుపై ఆధారపడినవి. అడోబి సంస్థ 2020 డిసెంబరు 31తో దాని పోషణను నిలిపివేసెను. వెంటనే వేలకొలది రచనలు మూగవోయినవి. ఫ్లాష్ పనిని అనుకరించు రఫుల్ వంటి ప్రోగ్రాములవలన వాటిలో కొన్ని తిరిగి ఆడుచున్నవి.

స్ట్రేచీ లేఖలకును ఇట్టి గతియే పట్టవలసినది. ఆ యంత్రము ఎన్నడో విప్పివేయబడినది. కాని అతని కాగితములు ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా ఉండెను. వాటి ఆధారమున జర్మను కళాకారుడు డేవిడ్ లింక్ 2009లో ఆ యంత్రమునకు ప్రతిరూపము నిర్మించి, లేఖలను మరల వ్రాయించెను. యంత్రము నశించినను నియమము కాగితముపై నిలిచియుండుటచే రచన బ్రదికినది.

ఈ విద్యకు కంప్యూటరు లేని పాఠశాలలోను ఆరంభము చేయవచ్చును. ఉపాధ్యాయుడు నాలుగు పట్టికలలో ఆరేసి తెలుగు పదములు వ్రాయించి, పాచిక వేయించి, పడిన సంఖ్యనుబట్టి వాక్యములు కూర్పించవలెను. కొన్ని నవ్వు పుట్టించును. ఒకటి రెండు ఆలోచింపజేయును. విభక్తులు, లింగవచనములు కలియనిచోట నియమమును విద్యార్థులే సవరించుకొందురు. ఆ సవరించిన నియమమును నోటుపుస్తకమున తేదీతో వ్రాసియుంచుకొనవలెను. పిదప ఏ యంత్రము దొరికినను ఆ ఆటను మరల ఆడించుటకు వీలుండును.