లినక్స్ కెర్నల్ ప్యాచ్ నియమాలు
లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలభాగమైన కెర్నల్‌కు కోడ్ పంపేవారు పాటించవలసిన పద్ధతులు. ఇవి కెర్నల్ సోర్సుతో పాటే, దాని డాక్యుమెంటేషన్‌లో ఉంటాయి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు మార్పులు నేటికీ ప్రధానంగా ఈమెయిల్‌లోనే వస్తాయి. ఒక్కో ప్యాచ్‌లో, అంటే పంపే మార్పుల ఫైలులో, ఒకే మార్పు ఉండాలి, అది ఎందుకు అవసరమో రాయాలి. వరుస మొదట వదిలే ఖాళీ (ఇండెంటేషన్) 8 అక్షరాల వెడల్పు ఉండాలన్నది కొత్తవారికి చాదస్తంగా తోచవచ్చు. కోడ్‌లో ఒక్కో భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా కనిపించడమే దాని ఉద్దేశం; భాగాలు ఒకదానిలో ఒకటి మరీ లోతుగా చేరితే హెచ్చరించడం అదనపు లాభం.

అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది సంతకపు నియమం. తమ యూనిక్స్ కోడ్‌ను లినక్స్‌లో చేర్చిందంటూ ఎస్‌సీఓ గ్రూప్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ 2003లో ఐబీఎంపై దావా వేసింది. ఏ కోడ్ ఎవరి చేతులమీదుగా వచ్చిందో రాతపూర్వకంగా చూపాల్సిన అవసరం అప్పుడు తెలిసివచ్చింది. అందుకే 2004లో ‘డెవలపర్ సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్’ అనే ధ్రువపత్రం వచ్చింది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని ధ్రువీకరిస్తూ రచయిత ప్యాచ్ వివరణ చివర ‘సైన్డ్ ఆఫ్ బై’ అని పేరు, ఈమెయిల్ చేరుస్తారు. ప్యాచ్‌ను ముందుకు పంపే, ఆయా భాగాల బాధ్యులైన మెయింటెయినర్లూ తమ పేర్లు జతచేస్తారు. కాపీరైట్ మాత్రం రచయితదే. లాయర్లు రాసే సుదీర్ఘ ఒప్పందాలకు బదులు ఈ చిన్న పత్రాన్నే కోడ్ హోస్టింగ్ సంస్థ గిట్‌ల్యాబ్ కూడా 2017లో ఎంచుకుంది.

ప్రవర్తన విషయంలో కెర్నల్ ఆలస్యంగా మేలుకొంది. 2015 నాటి క్లుప్తమైన ‘కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్’ స్థానంలో 2018 సెప్టెంబరులో ‘కంట్రిబ్యూటర్ కవెనెంట్’ అనే నమూనా ఆధారంగా కొత్త నియమావళి వచ్చింది. తన దురుసు ఈమెయిళ్లకు టోర్వాల్డ్స్ క్షమాపణ చెప్పి, కొన్నాళ్లు పనికి విరామమిచ్చిందీ ఆ నెలలోనే.