పిలుపు చేరవలసిన చోటు

రేడియో ప్రసారమునకు చిరునామా అక్కరలేదు. కేంద్రము నుండి బయలుదేరిన మాట నలుదెసలకు వ్యాపించును. ఎవరి ఇంట పెట్టె ఉన్నదో, ఎవరు మీట త్రిప్పి ఆ తరంగమును పట్టుకొనిరో పలికినవానికి తెలియదు. గుడిగంట వలె అది విన్నవారందరిదీ. ఉత్తరము అటువంటిది కాదు. టెలిఫోను అటువంటిది కాదు. అవి ఒకరి నుండి ఒకరికి పోవలసినవి. పంపువానికి చేరవలసిన చోటు తెలియవలెను. ఆ చోట అందుకొనుటకు ఒకరు సిద్ధముగా ఉండవలెను. ఈ రెండింటిలో ఏది లోపించినను మాట దారిలోనే నిలిచిపోవును.

ఇంటర్నెట్ ఈ రెండవ తెగకు చెందినది. మనము ఫోనులో బ్యాంకు లెక్క చూచుకొన్నను, దూరదేశమున ఉన్న బిడ్డతో మాట్లాడినను, అడుగున జరుగునది ఒక్కటే. ఒక యంత్రము మరియొక యంత్రపు చిరునామా కనుగొని, దాని తలుపు తట్టి, బదులు వచ్చిన పిమ్మట మాట కలుపును. ఆ తలుపునకు కంప్యూటరు పరిభాషలో ‘సాకెట్’ అని పేరు. ఈ తలుపు, ఈ చిరునామా ఎట్లు ఏర్పడినవో చెప్పవలెనన్న కాలిఫోర్నియా దాకా పోక తప్పదు. కాని ముందుగా కామారెడ్డి స్టేషనులో దిగి ఎల్లారెడ్డి దారి పట్టిన యెడల విషయము సులభముగా బోధపడును.

సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గము 1899–1901 సంవత్సరములలో వెలసినది. కామారెడ్డి ఆ దారిలో ఒక స్టేషను. ఎల్లారెడ్డి అక్కడికి పడమరగా, మంజీర వైపున, సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ఆ ప్రాంతముననే 1923లో ఆరంభమైన నిజాంసాగరు 1931 నాటికి పూర్తియైనది. ఐనను ఎల్లారెడ్డికి నేటికిని రైలు లేదు. కావున రైలు మీద వచ్చు మనిషికైనను, సరకుకైనను కామారెడ్డియే దిగుడు రేవు. మన్మాడులో మూట ఎక్కించువానికి ఎల్లారెడ్డి బాట తెలియనక్కరలేదు. కామారెడ్డి దాకా చేర్చిన చాలును. ముందు దారి అక్కడివారికి తెలియును. దారి మొత్తము ఎవరికిని తెలియకున్నను, ఎవరి మజిలీ వారికి తెలిసిన చాలును, మూట గమ్యము చేరును. ఇంటర్నెట్‌లో మాటల మూటలు ప్రయాణించుట సరిగా ఈ సూత్రము మీదనే.

నిజాము సంస్థానమున తపాలా చరిత్ర మరియొక పాఠము చెప్పును. సంస్థానము 1869లో సొంత తపాలా బిళ్ళను వెలువరించినది. తరువాతి బిళ్ళలపై ఉర్దూ, తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు నాలుగు లిపులును కనబడును. సంస్థానము లోపలి ఉత్తరములకు నిజాము తపాలా, వెలుపలికి పోవు వానికి బ్రిటిషు ఇండియా తపాలా, రెండును ఒకే గడ్డ మీద పనిచేసినవి. నియమములు వేరు, బిళ్ళలు వేరు. 1950 ఏప్రిల్ 1వ తేదీన సంస్థాన తపాలా భారత తపాలాలో లీనమైనది. వేరువేరు వ్యవస్థల నడుమ మాట సాగవలెనన్న, ఇరువురును అంగీకరించిన ఒక చిరునామా పద్ధతి కావలెనని ఈ చరిత్ర మనకు తెలుపుచున్నది.

ఇక పేర్ల చిక్కు. కామారెడ్డి నుండి పడమరకు పోయిన ఎల్లారెడ్డి వచ్చును; తూర్పున సిరిసిల్ల దారి పట్టిన ఎల్లారెడ్డిపేట వచ్చును. హైదరాబాదు నగరములో ఎల్లారెడ్డిగూడ ఉండనే ఉన్నది. తొందరలో వ్రాసిన కవరు మీద చివరి రెండక్షరములు చెరిగిపోయిన యెడల ఉత్తరము ఏ దిక్కునకు పోవలెను? దేశమంతట ఇటువంటి పేర్లు వేలకొలది. వానిని వ్రాయు లిపులును పెక్కు. ఈ చిక్కును విప్పుటకు శ్రీరాం భికాజీ వేలంకర్ గారు రూపొందించిన పిన్ కోడు 1972 ఆగస్టు 15న అమలులోనికి వచ్చినది. కామారెడ్డికి 503111, ఎల్లారెడ్డికి 503122. మొదటి అంకె దేశములోని పెద్ద మండలమును, మొదటి మూడంకెలు కలిసి ఉత్తరములు విడదీయు జిల్లాను, చివరి మూడు తపాలా కార్యాలయమును తెలుపును. మనము కవరు మీద పేరు, ఊరు, జిల్లా అని చిన్నదాని నుండి పెద్దదానికి వ్రాయుదుము; ఈ సంఖ్య పెద్దదాని నుండి చిన్నదానికి నడచును. దూరమున ఉన్నవాడు 503 వరకు చూచిన చాలును.

టెలిఫోను సంఖ్యలును అట్లే. మన దేశమున ఆపరేటరు సహాయము లేక దూరపు ఊరికి నేరుగా మాట్లాడు సౌకర్యము 1960లో కాన్పూరు–లక్నో నగరముల మధ్య మొదలైనది. ఆ పద్ధతి విస్తరించిన మీదట కామారెడ్డికి 08468, ఎల్లారెడ్డికి 08465 సంకేతములు ఏర్పడినవి. రెండు ఊళ్ళ నడుమ భేదము ఒక్క అంకెయే.

ఈ సంఖ్యల విలువ కాలము గడచిన కొలది తెలిసినది. 1956లో హైదరాబాదు రాష్ట్రము పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2014లో తెలంగాణ రాష్ట్రము అవతరించినది. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడినది. కవరు మీది జిల్లా పేరు, రాష్ట్రము పేరు మారినను 503122 మారలేదు.

టెలిఫోను కాలపు మరియొక ముచ్చట మన ఇండ్లలో పెద్దలకు జ్ఞాపకము ఉండును. ఫోను లేని గృహస్థు తన కార్డు మీద పొరుగింటివారి సంఖ్య అచ్చు వేయించి, ప్రక్కన ‘పి.పి.’ అని రెండక్షరములు చేర్చెడివాడు. పిలిచినవారు ముందు ఆ ఇంటివారితో మాట్లాడి, ఫలానా వారిని పిలువుడని వేడుకొనవలెను. తాను ఎవరినైనను పిలువదలచిన ఎక్కడి నుండియైనను పిలువవచ్చును. తనను ఒకరు పిలువవలెనన్న మాత్రము పొరుగువారి దయ కావలెను. పిలుచుట వేరు, పిలువబడుట వేరు. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు కంప్యూటర్ల కథకు వత్తము. వేరువేరు జాలములను కలుపు పద్ధతిని వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇరువురు 1974లో ప్రకటించిరి. అమెరికాలోని అర్పానెట్ 1983 జనవరి 1న ఆ పద్ధతికి మారినది. రెండు తపాలాలు ఒకటైన రోజు వంటిదే అదియును. అప్పుడు ప్రతి యంత్రమునకును 32 ద్వ్యంశ అంకెల సంఖ్య చిరునామాగా ఏర్పడినది. ఆ సంఖ్యలోను ముందు భాగము జాలమును, వెనుక భాగము యంత్రమును తెలుపును. మన 503 వలెనే.

చిరునామా ఉన్నంత మాత్రమున చాలదు. కార్యక్రమము వ్రాయువానికి ఆ జాలమును అందుకొనుటకు ఒక పిడి కావలెను. 1983 ఆగస్టులో బర్కిలీ నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వెలువరించిన యునిక్స్‌లో ఆ పిడి సాకెట్ రూపమున వచ్చినది. రేడియో తీగను గోడకు తగిలించు చోటును మనము సాకెట్ అందుము గదా! గోడ వెనుక విద్యుత్తు ఏ దారిన వచ్చుచున్నదో మనకు పట్టదు, తగిలించిన చాలును. ఇదియును అట్టిదే. పిలుపు అందుకొనదలచిన కార్యక్రమము మొదట ఒక సాకెట్టును కోరును. దానికి చిరునామా కట్టుకొనును. దీనిని ‘బైండ్’ అందురు. పిమ్మట చెవియొగ్గి కూర్చుండును, అది ‘లిజన్’. అవతలివాడు ‘కనెక్ట్’ అని పిలిచినప్పుడు ఇవతలివాడు ‘యాక్సెప్ట్’ అని అంగీకరించును. అంగీకరించిన ప్రతిసారియు ఒక కొత్త సాకెట్ పుట్టును. వచ్చినవానితో సంభాషణ ఆ కొత్త సాకెట్టులో సాగును. మొదటిది మరల చెవియొగ్గియే ఉండును. డాక్టరుగారి వాకిట చీటీలిచ్చు మనిషి వాకిట్లోనే ఉండి, వచ్చినవారిని ఒక్కొక్కరిని లోపలి గదికి పంపుట వంటిది ఈ ఏర్పాటు.

ఒక యంత్రములో పెక్కు పనులు జరుగును గనుక చిరునామాతోబాటు తలుపు సంఖ్యయు కావలెను. దీనిని ‘పోర్టు’ అందురు. 0 నుండి 65535 వరకు ఇవి ఉండును. ఉత్తరముల బట్వాడాకు 25, వెబ్ పుటలకు 80, వానినే గుప్తముగా పంపుటకు 443 అని వాడుక ఏర్పడినది. ఇవతలి చిరునామా, ఇవతలి తలుపు, అవతలి చిరునామా, అవతలి తలుపు, ఈ నాలుగును కలిసి ఒక సంభాషణను గుర్తించును. అందుచేతనే ఒకే తలుపు వద్ద వేలమంది ఒకేసారి మాట్లాడినను ఒకరి మాట మరియొకరి చెవిన పడదు.

పేర్ల సంగతి ఇక్కడ తారుమారైనది. తపాలాలో పేర్లు మారినవి, సంఖ్య నిలిచినది. ఇంటర్నెట్‌లో యంత్రము చోటు మారినప్పుడు సంఖ్య మారును, పేరు నిలువవలెను. మొదట పేర్లు, సంఖ్యలు ఒకే పట్టికగా స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమున ఉండెడివి. యంత్రములు పెరిగిన కొలది అది సాగలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ పేర్లను శాఖోపశాఖలుగా పంచి, ఏ శాఖ పట్టికను ఆ శాఖవారే చూచుకొను పద్ధతిని రూపొందించెను. నేడు పేరు చెప్పిన సంఖ్య తెచ్చిపెట్టునది అదియే.

ఈ ఏర్పాటులో ఒక కొరత మొదటినుండియు ఉన్నది. 32 ద్వ్యంశ అంకెలతో ఏర్పడు చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. ఆ నియమము 1981లో ప్రకటితమైన నాటికే ప్రపంచ జనాభా సుమారు 450 కోట్లు. జాలముతో కలిసిన కంప్యూటర్లు కొద్దిగా మాత్రమే ఉన్న ఆ రోజులలో ఆ సంఖ్య అపారముగా తోచినది. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందినది. ముందుగా వచ్చినవారు పెద్దపెద్ద భాగములు తీసికొనిరి. వెనుక వచ్చినవారికి మిగిలినది కొంచెము. 2011 ఫిబ్రవరి 3న కేంద్ర నిలువ నుండి చివరి భాగములు పంచబడినవి.

అప్పుడు జరిగినది సరిగా మన ‘పి.పి.’ పద్ధతియే. మొబైలు కంపెనీలు ఒక చిరునామాను అనేకమందికి ఉమ్మడిగా వాడుచున్నవి. ఇట్టి ఉమ్మడి చిరునామా క్రింద ఉన్న ఎల్లారెడ్డి దుకాణదారు ప్రపంచమున ఎవరినైనను పిలువగలడు. ప్రపంచము అతనిని నేరుగా పిలువలేదు. అతడు పని మీద కామారెడ్డి వచ్చి తన దుకాణములోని కెమేరాను ఫోనులో చూడదలచిన, ఆ చూపు 40 కిలోమీటర్లు తిన్నగా పోదు. ఎక్కడనో ఉన్న కంపెనీ యంత్రము మధ్యవర్తిగా నిలువవలెను. ఆ కంపెనీ మూతపడిన, రుసుము పెంచిన, అతని తలుపు అతనికే మూసికొనును.

దీనికి విరుగుడుగా 128 ద్వ్యంశ అంకెల చిరునామా, ఐపివి6 అను పేర, 1990లలో రూపొందినది. 340 వ్రాసి దాని ప్రక్కన 36 సున్నలు పెట్టిన ఎంతయో, సుమారు అన్ని చిరునామాలు. మన టెలికాం శాఖ 2010లో దీనికి మార్గసూచి ప్రకటించినది. నేడు భారతదేశము ఈ విషయమున వెనుకబడినవారిలో లేదు. వాడుకలో సగమునకు పైగా కొత్త చిరునామాకు చేరినది.

ఇక్కడనే బర్కిలీవారి ముందుచూపు ఒకటి అక్కరకు వచ్చినది. సాకెట్టునకు ఇచ్చు చిరునామాలో ‘ఇది ఏ కుటుంబమునకు చెందినది’ అని తెలుపుటకు వారు 1983లోనే ఒక గడి ఉంచిరి. కొత్త కుటుంబము వచ్చినప్పుడు బైండ్, కనెక్ట్ మొదలైన పిలుపులు మారనవసరము లేకపోయినది. కాని ఆ గడిని చూడక, చిరునామా అన్నది ఎప్పటికిని నాలుగు ముక్కల సంఖ్యయే యని నమ్మి వ్రాసిన కార్యక్రమములు మాత్రము తెల్లబోయినవి. పైథాన్ అను భాషలోని సాకెట్ గ్రంథాలయమును చూడుడు. పాత కుటుంబపు చిరునామా అందులో చోటు, తలుపు అని రెండు అంశముల జత. కొత్త కుటుంబపు చిరునామాలో అంశములు నాలుగు. రెండే వచ్చునని చేయి చాచినవాని కార్యక్రమము అక్కడనే ఆగిపోవును. తెలిసినవాడు పేరును మాత్రము గ్రంథాలయమునకు అప్పగించి, అది తెచ్చిన చిరునామాలను ఏ కుటుంబమువైనను వరుసగా ప్రయత్నించి, తలుపు తెరచుకొన్నదానితో మాట కలుపును. ఊరి పేరు చెప్పి, దారి తెలిసినవానికి విడిచిపెట్టుట వంటిదే ఇది.

చిరునామా అనునది కేవలము యంత్రవేత్తల లెక్క కాదు. ఒక ఊరు ఇతరులను పిలువగలిగినంత మాత్రమున ప్రపంచములో భాగస్వామి కాలేదు. ఇతరులు దానిని పేరు పెట్టి పిలువగలిగినప్పుడే అగును. తపాలా సంఖ్యను పంచినప్పుడు కామారెడ్డికి ఎంతయో ఎల్లారెడ్డికి అంతయే, ఆరంకెలు. రైలున్న ఊరికి ఎక్కువయు లేదు, రైలు లేని ఊరికి తక్కువయు లేదు. ఆ న్యాయము తంతులలోను, తరంగములలోను నిలుపుట నేడు కార్యక్రమములు వ్రాయు మన యువకుల చేతిలోను కొంత ఉన్నది. వారు వ్రాయు ప్రతి పంక్తియు ఎవరికో ఒక తలుపు. తలుపు పెట్టునప్పుడు, ఇంకను పుట్టని చిరునామాకు కూడ అందులో ఒక గడి విడిచిపెట్టుట మంచిది.