కారు అక్కర్లేని నేల

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కి వెళ్లినవాళ్లెవరూ మ్యాజిక్ కింగ్‌డమ్ గేటు దాకా సొంత కారులో పోలేరు. పార్కింగులో కారు వదిలి టికెట్ సెంటరు దాటగానే పెద్ద చెరువు ఎదురవుతుంది. ఆ పార్కులోని కోట అవతలి ఒడ్డున, మైలు దూరంలో ఉంటుంది. అక్కడికి పడవలో పోవాలి, లేదంటే చెరువు చుట్టూ తిరిగే మోనోరైలు ఎక్కాలి. ఈ చెరువు దేవుడిచ్చింది కాదు, 1971 అక్టోబరు 1న పార్కు తెరవడానికి ముందు తవ్వించింది. తవ్విన మట్టితో అవతలి నేలను ఒక అంతస్తు ఎత్తు లేపి, వీధుల కింద పనివాళ్లు నడిచే సొరంగాలు ఉంచారు. మనిషికీ అతని కారుకీ మధ్య కావాలని నీళ్లు పెట్టిన చోటు ఈ దేశంలో నాకు మరొకటి తెలియదు.

నాలుగు పెద్ద పార్కులు, పాతిక దాకా హోటళ్లు, సుమారు 25 వేల ఎకరాల నేల. ఒక పార్కు నుంచి ఇంకోదానికి నడిచిపోయే దూరాలు కావు. మోనోరైలు, పడవలు, ఆకాశంలో తీగ మీద సాగే క్యాబిన్లు అన్నీ ఉన్నా, ఎక్కువ భారం మోసేది బస్సులే. వందల బస్సులు పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా తిరుగుతాయి, టికెట్ ఉండదు. చాలా హోటళ్ల నుంచి పార్కులకి నేరుగా బస్సు ఉంటుంది. హోటల్ నుంచి హోటల్‌కి మాత్రం నేరుగా ఉండదు, మధ్యలో ఏదో ఒక పార్కు దగ్గర దిగి మారాలి.

మా పెదనాన్న ఆర్టీసీలో డిపో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన కోటకన్నా బస్టాండునే ఎక్కువసేపు చూశారు. ఏ ప్లాట్‌ఫారం నుంచి ఏ బస్సు, జనం పెరిగితే అదనపు బస్సు ఎంతసేపట్లో వస్తోంది, చక్రాల కుర్చీ ఎలా ఎక్కిస్తున్నారు, అన్నీ గమనించి చివరికి నన్నడిగారు: “ఇంత బాగా బస్సులు నడపడం వచ్చిన దేశం కదరా, మరి మీ ఇంటి ముందుకి ఒక్క బస్సూ రాదేం?” ఆయనకి అప్పుడు చెప్పిన జవాబునే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

అమెరికాలో రవాణా చాలాకాలం భూముల వ్యాపారానికి తోకగా నడిచింది. ఫ్లోరిడా సంగతే చూడండి. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో రాక్‌ఫెల్లర్ భాగస్వామి హెన్రీ ఫ్లాగ్లర్ 1888లో సెయింట్ అగస్టీన్‌లో గొప్ప హోటల్ తెరిచాడు. హోటల్ కట్టాక అతిథులు రావాలి కదా, అందుకని రైలు కావాల్సి వచ్చింది. తీరం వెంబడి పట్టాలు వేయిస్తూ, దారిలో హోటళ్లు కట్టిస్తూ, 1896కి మయామీ చేరాడు. 1912లో సముద్రం మీద వంతెనలు కట్టించి కీ వెస్ట్ దీవికీ రైలు నడిపాడు. 1935లో పెనుతుపాను ఆ చివరి లైనును ఊడ్చేసింది. ప్రభుత్వం ఆ దారిని కొని, 1938కల్లా దానిమీద కార్ల రోడ్డు వేసింది.

లాస్ ఏంజెలెస్‌లో హెన్రీ హంటింగ్టన్ చేసిందీ ఇదే. ఊరి బయట పొలాలు కొని, అక్కడికి ఎలక్ట్రిక్ ట్రాము వేసి, స్థలాలు అమ్మాడు. ఆ ట్రాములను రెడ్ కార్లనేవారు. పట్టాలు వెయ్యి మైళ్లు దాటాయి. స్థలాలన్నీ అమ్ముడుపోయాక ట్రాము మీద ఎవరికీ అక్కర లేకపోయింది. ఛార్జీలతో ఖర్చులు వెళ్లలేదు, వీధుల నిండా కార్లొచ్చి ట్రాముని ఆపేశాయి. 1961లో ఆఖరి రెడ్ కారు ఆగిపోయింది. పెద్ద కంపెనీలు కలిసి కుట్ర చేసి ట్రాములను చంపాయని ఇక్కడ చాలామంది నమ్ముతారు. బస్సులు, టైర్ల అమ్మకాల మీద గుత్తాధిపత్యానికి కుమ్మక్కయ్యారని కొన్ని కంపెనీలకు 1949లో కోర్టులో శిక్ష పడిన మాట నిజమే. నా దృష్టిలో మాత్రం అసలు దెబ్బ అంతకు ముందే పడింది. ట్రామును ప్రజల ఆస్తిగా ఎవరూ చూడలేదు.

తర్వాతి మలుపు 1956. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన చట్టంతో దేశమంతటా 41 వేల మైళ్ల ఇంటర్‌స్టేట్ రోడ్లు మంజూరయ్యాయి, ఖర్చులో 90 శాతం కేంద్రానిదే. టాంపా నుంచి ఓర్లాండో మీదుగా డేటోనా వైపు సాగే ఐ-4 అలా వచ్చింది. ఓర్లాండోలో అది పారమోర్ అనే నల్లవాళ్ల పేటను ఊరి నడిబొడ్డు నుంచి విడగొట్టింది. ఆ పేటవాళ్ల ఇళ్లూ దుకాణాలూ ఆ రోడ్డు కింద పోయాయి. డిస్నీకి వెళ్లే తెలుగు కుటుంబాలు చాలావరకు ఆ రోడ్డు మీదే వెళ్తాయి. దాని కింద ఏముండేదో మన పిల్లలకి చెప్పాలి.

వాల్ట్ డిస్నీ 1963 నవంబరులో విమానంలోంచి ఈ ప్రాంతం చూసి ఎంచుకున్నాడు. ఐ-4, ఫ్లోరిడా టర్న్‌పైక్ ఇక్కడ కలుసుకోవడమే అందుకు ముఖ్య కారణం. కాలిఫోర్నియాలో 1955లో డిస్నీలాండ్ తెరిచాక చుట్టూ మోటళ్లు కమ్ముకొచ్చాయి, వాటిమీద అతనికి ఏ అదుపూ లేదు. అందుకే ఇక్కడ మారుపేర్ల కంపెనీలతో గుట్టుగా చిత్తడి నేలలు, పశువుల మేత బీళ్లు కొన్నాడు. 1965లో సంగతి బయటపడేసరికి దాదాపు రెండు మన్‌హట్టన్‌లంత నేల చేతిలో ఉంది.

అక్కడ కట్టాలనుకున్నది పార్కు ఒక్కటే కాదు. అతని మనసంతా ఎప్‌కాట్ అనే ఊరి మీద ఉండేది. 20 వేల మంది నివాసం. నడి ఊరికి కప్పు. పైన మనుషులు నడుస్తారు, కార్లూ లారీలూ భూగర్భంలో పోతాయి. ఇంటి దగ్గర ఆగకుండా కదిలే చిన్న బండ్లు ఎక్కి ఊరి మధ్యకి, అక్కడ మోనోరైలు ఎక్కి పనికీ పార్కుకీ పోవచ్చు. వారాంతపు షికార్లకి తప్ప కారు అవసరం రాకూడదని అతని ఆలోచన. డిస్నీలాండ్‌లో మోనోరైలు 1959 నుంచే నడుస్తోంది. దాన్ని ఆల్వెగ్ అనే జర్మన్ కంపెనీ నమూనాలో కట్టారు. 1963లో అదే కంపెనీ, తన ఖర్చుతో 43 మైళ్ల మోనోరైలు వేసి టికెట్ల ఆదాయంతో రాబట్టుకుంటానని లాస్ ఏంజెలెస్‌ని అడిగితే అక్కడివాళ్లు కాదన్నారు. బొమ్మల పార్కులో పనికొచ్చింది ఊళ్లో పనికిరాదనుకున్నారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

1966 డిసెంబరులో వాల్ట్ చనిపోయాడు. అన్న రాయ్ పార్కునూ హోటళ్లనూ పూర్తి చేయించాడు, ఊరి ఆలోచన పక్కకి పోయింది. 1982లో ఎప్‌కాట్ పేరుతో తెరిచింది మరో పార్కే. కానీ ఆ ఊరి కోసం 1967లో రాష్ట్ర శాసనసభ ఇచ్చిన అధికారాలు మిగిలాయి. రీడీ క్రీక్ జిల్లా పేరుతో సొంత రోడ్లు, సొంత కాలువలు, సొంత భవన నిబంధనలు. జిల్లా బోర్డు ఎన్నికల్లో భూయజమానులకి ఎకరానికో ఓటు, ఎకరాలన్నీ దాదాపు డిస్నీవే. 2023లో ఆ బోర్డును నియమించే అధికారం గవర్నరు చేతికి వెళ్లింది, జిల్లా పేరూ మారింది.

ఆ ఊరి గుర్తులు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. వాల్ట్ ఊహించిన చిన్న బండ్లు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1975 నుంచి నడుస్తున్నాయి. బండిలో ఇంజిను ఉండదు, పట్టాలోని విద్యుదయస్కాంతాలే నెడతాయి. హ్యూస్టన్ విమానాశ్రయం 1981లో టెర్మినళ్ల మధ్య అదే పద్ధతిలో రైలు పెట్టించుకుంది. 2019లో వచ్చిన స్కైలైనర్ క్యాబిన్లు రెండు పార్కుల్నీ నాలుగు హోటళ్లనీ కలుపుతాయి. చెరువు దాటించే పడవల్లో ఒకదానికి జనరల్ జో పాటర్ పేరు పెట్టారు. పనామా కాలువ ప్రాంతానికి గవర్నరుగా చేసిన ఆ సైనిక ఇంజనీరే ఇక్కడి చిత్తడిని అదుపు చేశాడు. ఆయన కట్టించిన కాలువల తలుపులు నీటిమట్టాన్ని బట్టి వాటంతటవే లేస్తాయి, దిగుతాయి. గోదావరి కాలువల గట్టున పెరిగిన నాకు అవి మోనోరైలుకన్నా అబ్బురం.

బస్సుకి టికెట్ లేకపోవడానికి కారణం పెదనాన్న వెంటనే పట్టేశారు: ఛార్జీ గది అద్దెలో ఉంది. ఫ్లాగ్లర్ రైలు అతని హోటళ్ల కోసం, హంటింగ్టన్ ట్రాము అతని స్థలాల కోసం, ఈ బస్సు ఈ గదుల కోసం. అందుకే డిస్నీ పొలిమేర దాటితే ఆ సౌకర్యం ఉండదు. దాటాక నడిచేవి లింక్స్ అనే సిటీ బస్సులు. చాలా రూట్లలో అరగంటకో గంటకో ఒకటి. టాంపా నుంచి ఓర్లాండోకి హైస్పీడ్ రైలు వేయడానికి కేంద్రం 240 కోట్ల డాలర్లు ఇస్తానంటే 2011లో అప్పటి గవర్నరు రిక్ స్కాట్ వద్దన్నారు. అది వచ్చుంటే డిస్నీ దగ్గరా ఒక స్టేషను ఉండేది. 2023లో మయామీ నుంచి ఓర్లాండో విమానాశ్రయం దాకా వచ్చిన బ్రైట్‌లైన్‌ని మొదలుపెట్టింది ఫ్లాగ్లర్ కంపెనీ వారసులే. స్టేషన్ల చుట్టూ ఇళ్లూ ఆఫీసులూ కట్టడం వాళ్ల లెక్కలో భాగమే.

హైదరాబాద్ మెట్రోనీ ఇలాంటి లెక్కతోనే మొదలుపెట్టారు. 2017లో తొలి రైలు నడిచిన ఆ మెట్రోని కట్టిన ప్రైవేటు సంస్థకి స్టేషన్ల దగ్గర మాల్స్ కట్టుకునే హక్కులిచ్చారు. అది తప్పని నేననను. భూమి విలువ పెంచేది రవాణాయే, ఆ విలువలో కొంత రవాణాకి రావడం న్యాయమే. కానీ స్థలాలు అమ్ముడయ్యాక ట్రామును ఎవరు నడపాలో లాస్ ఏంజెలెస్ ముందే తేల్చుకోలేదు. మన నగరాలు తేల్చుకోవాలి. ఆర్టీసీని దండగమారి ఖర్చుగా మాట్లాడేవాళ్లు ఈ దేశానికొచ్చి బస్సులేని ఊళ్లో కారు లేకుండా ఒక్క నెల బతికి చూడాలి.

మీరెవరైనా పిల్లల దగ్గరికి ఇటు వస్తే, పార్కు టికెట్ కొనకపోయినా మోనోరైలు, పడవ, స్కైలైనర్ ఎక్కవచ్చు. తప్పక ఎక్కండి. ఆ తర్వాత ఒక్కసారి లింక్స్ బస్సులో ఓర్లాండోకి రండి. ఆ హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లలో చాలామంది మీ పక్క సీట్లోనే కూర్చుని ఇంటికి పోతుంటారు.