మంచినీళ్ళ తీపి

చిలీ తీరం నుంచి ఫ్రాన్సుకు, మన లంబసింగి కొండకు, అక్కణ్ణుంచి అండమాన్‌లోని చాతం ఒడ్డుకు ఒక ఎర్రపండు చేసిన ప్రయాణం. ఆ పండుతో ఇంట్లో సులువుగా చేసుకునే కొన్ని తీపి వంటలు.

పెట్టె మూత తీయగానే వంటిల్లంతా వాసన కమ్ముకుంది. పిన్ని ఒక పండు తీసి కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటమ్మా ఇది, గింజలు పైనే ఉన్నాయేటి?"

శ్రీకాకుళం జిల్లా నుంచి పెళ్ళై వచ్చి నలభై ఏళ్ళుగా అండమాన్‌లో ఉంటున్న మనిషి. చాతం వంతెనకు ఇవతల, హడ్డో వైపు ఇల్లు. బాబాయి చాతం రంపపుమిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరూ స్ట్రాబెర్రీని టీవీలో చూడటమే తప్ప చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. అండమాన్ ఉక్కలో కొబ్బరి, పోక, అరటి, అనాస, బొప్పాయి విరగకాస్తాయి. స్ట్రాబెర్రీకి చలి కావాలి. అందుకని కిందటి శీతాకాలం లంబసింగి తోటలో పొద్దున్నే కోసిన పళ్ళు నాలుగు చిన్న పెట్టెలు కొని, చెన్నై మీదుగా విమానంలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. సగం పళ్ళు దారిలోనే నలిగాయి. ఆ నలిగినవాటితోనే మా వంట మొదలైంది.

వంటకు ముందు పిన్ని చేసిన పని మాత్రం వేరు. కుళాయి వస్తోందని బిందెలు, బకెట్లు, ఆఖరికి పాలగిన్నెలు కూడా నింపుకుంది. డిసెంబరు వానలు తగ్గాక ఏప్రిల్ దాకా అక్కడ నీళ్ళు చూసి వాడుకోవాలి. లంబసింగిలో స్ట్రాబెర్రీ పండే నెలలూ, అండమాన్‌లో నీటికి కటకటలాడే నెలలూ దాదాపు ఒకటే. ఆ బిందెల వరస చూశాకే నాకు ఈ పండు చరిత్ర, ఈ దీవి చరిత్ర ఒకే దారంతో కుట్టినట్టు కనిపించాయి. ఆ దారం మంచినీళ్ళు.

చాతం దాహం

చాతం చాలా చిన్న దీవి. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఒక చిన్న వంతెనతో కలిసి ఉంటుంది. వంతెన దాటితే రంపపుమిల్లు, అటవీ మ్యూజియం, బాంబూఫ్లాట్‌కు వెళ్ళే ఫెర్రీ రేవు కనిపిస్తాయి. అండమాన్‌లో ఆంగ్లేయుల కథ మొదలైంది ఈ గుప్పెడు నేల మీదే. 1789లో లెఫ్టినెంట్ ఆర్కిబాల్డ్ బ్లెయిర్ ఇక్కడే తొలి స్థావరం వేశాడు. మూడేళ్ళకు దాన్ని ఉత్తర అండమాన్‌కు తరలించారు. అక్కడ జబ్బులు చుట్టుముట్టడంతో 1796లో మొత్తానికే ఎత్తేశారు.

మళ్ళీ ఆంగ్లేయులు వచ్చింది 1857 తిరుగుబాటు తర్వాత. 1858 మార్చి 10న సెమిరామిస్ అనే ఓడ 200 మంది ఖైదీలను తీసుకొచ్చింది. వాళ్ళ మీద అధికారి డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్. సంకెళ్ళ మనుషులు మొదట అడుగుపెట్టి అడవి నరకడం మొదలుపెట్టింది చాతంలోనే. కొద్దిరోజులకే ఒక సంగతి తేలిపోయింది. ఈ దీవిలో తాగడానికి చాలినన్ని నీళ్ళు లేవు. చుట్టూ సముద్రం, మధ్యలో దాహం. చివరికి మకాం రాస్ దీవికి మారింది. అండమాన్ రాజధాని కావలసిన చాతం, కుండెడు మంచినీళ్ళు చాలక ఆ యోగం పోగొట్టుకుంది.

తెలుగులో మనం సముద్రపు నీటిని ఉప్పునీరనీ, తాగే నీటిని మంచినీళ్ళనీ అంటాం. ఊళ్ళో బాగున్న బావిని 'తియ్యటి నీళ్ళ బావి' అంటాం. చక్కెర తెలియక ముందు మన నాలుక ఎరిగిన తీపి ఆ నీళ్ళదే కాబోలు.

ఓడలో ఐదు మొక్కలు

ఇప్పుడు మనం తినే పెద్ద స్ట్రాబెర్రీ అనాదిగా ఉన్న పండు కాదు. దాని వయసు మూడొందల ఏళ్ళు కూడా లేదు. యూరప్ అడవుల్లో చిటికెనవేలి గోరంత పళ్ళు కాసే స్ట్రాబెర్రీ ఒకటి పూర్వం నుంచీ ఉంది. ఉత్తర అమెరికా నుంచి చిన్న పళ్ళయినా మంచి వాసన ఉన్న మరో రకం వచ్చి చేరింది. పెద్ద పండు మాత్రం భూగోళానికి అటు కొసన, చిలీలో ఉండేది. అక్కడి మూలవాసులు తరతరాలుగా దాన్ని సాగు చేసుకుంటున్నారు.

ఫ్రెంచి రాజు పద్నాలుగో లూయీ 1712లో ఒక సైనిక ఇంజనీరును దక్షిణ అమెరికాకు పంపాడు. పైకి వ్యాపారి, లోపల గూఢచారి. స్పెయిన్ వారి కోటలు, రేవులు గమనించి పటాలు గీయడం అతని పని. పేరు అమెడే ఫ్రాన్స్వా ఫ్రెజియే. ఫ్రెంచిలో స్ట్రాబెర్రీని 'ఫ్రేజ్' అంటారు. ఇంటిపేరులోనే పండును మోసుకు తిరిగే ఆ మనిషి, చిలీలోని కన్సెప్సియోన్ దగ్గర కోడిగుడ్డంత స్ట్రాబెర్రీలు చూసి మొక్కలు వెంట తెచ్చుకున్నాడు.

తిరుగు ప్రయాణానికి ఆరు నెలలు పట్టింది. ఓడలో మంచినీళ్ళు కొలిచి పోస్తారు. మనుషులకే చాలని చోట మొక్కలకు ఎవరు పోస్తారు? అయినా పోశారు. 1714 ఆగస్టులో ఓడ మార్సెయ్ రేవు చేరేసరికి ఐదు మొక్కలు బతికి ఉన్నాయి. నీళ్ళ మీద అజమాయిషీ ఉన్న ఓడ అధికారికి ఫ్రెజియే వాటిలో రెండు ఇచ్చేశాడు. నీటి రుణం మొక్కలతో తీర్చుకున్నాడు.

ఆ మొక్కలు పెరిగాయి, పూశాయి, కాయలేదు. ఎందుకంటే వచ్చినవన్నీ ఆడమొక్కలు. తర్వాత బ్రిటనీ తోటల్లో వాటి పక్కన ఉత్తర అమెరికా రకం నాటినప్పుడు పుప్పొడి అంది, కాపు పట్టింది. చిలీ సైజు, ఉత్తర అమెరికా వాసన కలిసి కొత్త పండు పుట్టింది. ఆంట్వాన్ నికొలా డ్యూషేన్ అనే కుర్ర వృక్షశాస్త్రవేత్త స్ట్రాబెర్రీ పూలలో ఆడ, మగ తేడాను గుర్తించి, ఈ కొత్త పండు పుట్టుకను 1766లో తన పుస్తకంలో వివరించాడు. ఈనాడు ప్రపంచమంతా అమ్ముడయ్యే స్ట్రాబెర్రీల్లో అత్యధికం ఆ సంతతే.

మన దేశంలో ఈ పండుకు ఆంగ్లేయుల కాలంలోనే మహాబలేశ్వర్ కొండలు ఇల్లయ్యాయి. అక్కడి స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలుగు నేలకు వచ్చేసరికి ఆ పండు ఎన్నుకున్న చోటు లంబసింగి.

ఆ ఘాట్ రోడ్డు కథ

నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్ళే ఘాట్ రోడ్డులో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది లంబసింగి. డిసెంబరు, జనవరిలో పొద్దున పది దాకా మంచు వీడదు. ఎత్తు మళ్ళ మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, దానికి చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో ఒక్కో మొక్క నాటుతారు. కింద డ్రిప్ గొట్టం చుక్కచుక్కగా నీళ్ళిస్తుంది. పండు మట్టికి తగలకుండా పట్టా మీద ఒరిగి ఎర్రబడుతుంది. స్ట్రాబెర్రీ కోశాక ఇక మాగదు. అందుకే పూర్తిగా ఎర్రబడ్డాకే, ఎండ ఎక్కకముందే తొడిమతో కోస్తారు. మంచు చూడటానికి వచ్చినవాళ్ళు తోటలోనే కొనుక్కుంటారు.

వాళ్ళ కార్లు ఎక్కి వచ్చే ఆ దారికి పెద్ద చరిత్ర ఉంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో మన్యం ప్రజల పోడు సాగుకు అడ్డుకట్టలు పడ్డాయి. తాతల నాటి అడవిలో కట్టె కొట్టినా నేరమైంది. ఆ మీద నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించడానికి బాస్టియన్ అనే అధికారి గిరిజనుల చేత చాలీచాలని కూలికి వెట్టి చేయించాడు. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మన్యం తిరగబడింది. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. పట్టుబడిన అనుచరుల్లో కొందరిని సముద్రం దాటించి అండమాన్‌కు పంపారు. అలా వెళ్ళినవారిలో గాం మల్లుదొర ఒకరు. ఆయనే 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మన్యంలో అడవి చట్టం బిగిసిన మరుసటి ఏడు, 1883లో, చాతంలో రంపపుమిల్లు మొదలైంది. మన్యంలో కొండవాళ్ళను చెట్టు ముట్టనివ్వని పాలకులే ఇక్కడ దీవుల అడవుల్ని కొట్టించి పడౌక్, గర్జన్ దుంగలు కోయించారు. మన్యం వీరులు సంకెళ్ళతో వచ్చిన దారిలో, ఇప్పుడు వాళ్ళ కొండనేల మీద పండిన పండును నేను ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఆ ఆలోచన వచ్చాక పెట్టె కొంచెం బరువెక్కింది.

తర్వాతి కాలంలో మనవాళ్ళు ఇక్కడికి బతుకుతెరువు కోసం వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల మత్స్యకారులు, కూలీలు, ఉద్యోగులు వచ్చి స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. విశాఖ నుంచి ఓడ ఎక్కితే ఇప్పటికీ రెండు రోజులు దాటిన ప్రయాణం. ఊరగాయ జాడీ ఆ ప్రయాణం తట్టుకుంటుంది, స్ట్రాబెర్రీ తట్టుకోదు.

పిన్ని వంటింట్లో

నలిగిన పళ్ళను పారేయనక్కర్లేదు. రుచికి అవే మేలు. బూజు పట్టినవి మాత్రం తీసేయాలి. పళ్ళను తినే ముందే, తొడిమ ఉండగానే కడగాలి. తొడిమ తీసి కడిగితే పండు నీళ్ళు పీల్చి చప్పబడుతుంది.

పాకం: అర కిలో పళ్ళకు పావు కిలో చక్కెర, అర గ్లాసు నీళ్ళు. సన్నని సెగ మీద పది, పన్నెండు నిమిషాలు ఉడికిస్తే పళ్ళు తెల్లబడి రసం ఎర్రబడుతుంది. పిండకుండా పల్చని గుడ్డలో వడకట్టి, ఒక నిమ్మకాయ రసం కలపాలి. చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు ఉంటుంది. గుడ్డలో మిగిలిన పిప్పిని కాస్త చక్కెరతో మళ్ళీ దగ్గరపడేదాకా ఉడికిస్తే రొట్టెలోకి జామ్.

షర్బత్: గ్లాసుకు మూడు చెంచాల పాకం, చిటికెడు ఉప్పు, నానిన సబ్జా గింజలు ఒక చెంచా, పైన చల్లటి నీళ్ళు. అండమాన్‌లో కాబట్టి పిన్ని నీళ్ళకు బదులు కొబ్బరినీళ్ళు పోసింది. లేత కొబ్బరినీళ్ళలోని సన్నని ఉప్పదనం ఈ పండు పులుపును చక్కగా పట్టుకుంటుంది.

పెరుగు మీగడ: అర లీటరు గట్టి పెరుగును గుడ్డలో మూటకట్టి నాలుగు గంటలు వేలాడదీయాలి. మూడు, నాలుగు చెంచాల చక్కెర పొడి, ఏలకుల పొడి వేసి గిలక్కొట్టాలి. గట్టి పళ్ళను ముక్కలు కోసి, రెండు చెంచాల చక్కెర చల్లి అరగంట వదిలేస్తే వాటి రసంలో అవే ఊరతాయి. వడ్డించే ముందు పెరుగులో కలిపితే చాలు. ముందే కలిపితే నీరు వదులుతుంది.

సగ్గుబియ్యం, కొబ్బరిపాలు: అర కప్పు సగ్గుబియ్యం గంటసేపు నానబెట్టి, మూడు కప్పుల నీళ్ళలో గింజ అద్దంలా అయ్యేదాకా ఉడికించాలి. అర కప్పు చక్కెర కరిగాక మంట తగ్గించి, చిక్కటి కొబ్బరిపాలు రెండు కప్పులు పోసి వెంటనే దించేయాలి. కొబ్బరిపాలు మరగకూడదు. బాగా చల్లారాక గిన్నెల్లో పోసి, పైన ఊరిన పళ్ళముక్కలు, రెండు చెంచాల పాకం.

పిల్లలకు పాలతో చేయాలంటే ఒక్క జాగ్రత్త. ఇది పుల్లని పండు. వేడి పాలలో వేస్తే విరుగుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలలోనే పాకం కొంచెం కొంచెంగా కలిపి వెంటనే తాగేయాలి.

సాయంత్రం బాబాయి షర్బత్ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్నారు. బాంబూఫ్లాట్ వైపు నుంచి ఫెర్రీ కూత వినిపించింది. మిల్లులో తాను పనిచేసిన రోజులు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడి ఏర్పడిన గొయ్యి, 2002లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత అడవి కొట్టడం ఎలా తగ్గిందో ఒకటొకటే చెప్పుకొచ్చారు. మన్యం నుంచి వచ్చిన ఖైదీల సంగతి నేను చెప్పాను. ఆయన గ్లాసును కాసేపు చూసి, "ఆ కొండ పండేనా ఇది?" అని అడిగి, మిగిలింది నెమ్మదిగా తాగారు.

లోపల పిన్ని గిన్నెలు సర్దుతోంది. పళ్ళు కడిగిన నీళ్ళు ఇంకా పళ్ళెంలోనే ఉన్నాయి, కొంచెం గులాబీరంగు తేలి. వాటిని పారబోయలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి కరివేపాకు మొక్క మొదట్లో పోసింది.