స్కాట్ పిల్లి నుంచి ఎదురుచూపుల లెక్క దాకా

అమీర్‌పేటలో ఒరాకిల్ నేర్చుకున్న ఎవరినైనా పట్టుకుని కింగ్ జీతం ఎంత అని అడిగి చూడండి. 5000 అని తడుముకోకుండా చెప్తారు. స్మిత్‌ది 800. కింగ్ ప్రెసిడెంటు, స్మిత్ గుమాస్తా. బోస్టన్‌లో ఒక డిపార్ట్‌మెంటు ఉంది గానీ అందులో ఒక్క ఉద్యోగి కూడా లేడు. అవుటర్ జాయిన్ అంటే ఏమిటో నేర్పడానికి ఆ ఖాళీ ఆఫీసు భలే పనికొచ్చేది. 14 మంది ఉద్యోగులు, 4 డిపార్ట్‌మెంట్లు ఉన్న ఈ చిన్న కంపెనీ ఒరాకిల్ డేటాబేసుతో పాటు వచ్చే నమూనా పట్టికల్లో తప్ప ఎక్కడా లేదు. ఆ పట్టికలున్న ఖాతా పేరు స్కాట్, పాస్‌వర్డ్ టైగర్. బ్రూస్ స్కాట్ ఆ కంపెనీ తొలినాటి ఉద్యోగుల్లో ఒకరు. టైగర్ వాళ్ళింట్లో పిల్లి పేరు.

మన దగ్గర సాఫ్ట్‌వేర్ చరిత్ర అనగానే 1998లో మొదలైన సైబర్ టవర్స్, వై2కె, అమెరికా వీసాలు గుర్తొస్తాయి. ఆ పని చేసినవాళ్ళు ఏం చదివి నేర్చుకున్నారన్నది ఎవరూ పెద్దగా రాయలేదు. బ్యాంకులో, రైల్వేలో, ఆసుపత్రిలో వెనక ఎక్కడో నడిచే పెద్ద డేటాబేసుని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండే మనిషిని డీబీఏ అంటారు. ఆ మనిషి చదువుకున్న పుస్తకాల కథలో ఆసక్తికరమైన మలుపు ఒకటుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ పుస్తకాల్లో జవాబులు మారడం మామూలే. వాటితోపాటు అడగాల్సిన ప్రశ్నే మారిపోయింది.

కాస్త వెనక్కి వెళ్దాం. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ గురించి తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. సమాచారం లోపల ఎలా అమర్చి ఉందన్న దానితో వాడుకునే మనిషికి పని ఉండకూడదన్నది అందులోని మూల ఆలోచన. ఏం కావాలో చెప్తే చాలు, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుంది. 1977లో లారీ ఎలిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ కలిసి పెట్టిన చిన్న కంపెనీ ఆ ఆలోచన మీదే 1979లో ఒరాకిల్‌ని అమ్మకానికి పెట్టింది. దానికి వెర్షన్ 2 అని పేరు పెట్టారు. వెర్షన్ 1 అమ్మకానికి రానేలేదు. మొదటి సరుకంటే జనం కొనరని భయం!

"ఎలా" అన్నది దాచేశారు కదా, మరి పని నెమ్మదించినప్పుడు లోపలికి తొంగి చూడటానికి ఒక మనిషి కావాలి. డీబీఏ ఉద్యోగంలో సగం అదే. తొంగి చూస్తే కనిపించేవి అంకెలు, వేలకొద్దీ అంకెలు. వాటిలో ఏది చూడాలి?

తొంభైల పుస్తకాలు ఈ ప్రశ్నకి చెప్పిన జవాబు హిట్ రేషియో. దీన్ని మన కిరాణా కొట్టుతో పోల్చి చెప్పొచ్చు. తరచూ అమ్ముడయ్యే సరుకు ముందు అలమరలో ఉంటుంది. మిగతాది వెనక గోడౌనులో. అడిగిన సరుకు అలమరలోనే దొరికితే క్షణంలో పని అయిపోతుంది, లేకపోతే కుర్రాడు గోడౌనుకి పరిగెత్తాలి. డేటాబేసులో అలమర అంటే మెమరీ, గోడౌను అంటే డిస్కు. నూటికి ఎన్నిసార్లు సరుకు అలమరలో దొరికిందన్నది హిట్ రేషియో. 90 శాతం పైన ఉంటే అంతా బాగున్నట్టు, తగ్గితే అలమర పెద్దది చెయ్యాలి, అంటే మెమరీ పెంచాలి. యూటీఎల్‌బీస్టాట్, యూటీఎల్‌ఈస్టాట్ అని రెండు స్క్రిప్టులుండేవి. మొదటిది నడిపి, కాసేపు ఆగి రెండోది నడిపితే ఆ మధ్యకాలంలో జరిగిన పనికి రిపోర్టు వచ్చేది. అందులోంచి హిట్ రేషియో లెక్కగట్టి పై అధికారికి చూపించడం ఒక దినచర్య.

ఈ లెక్కలో లోపం ఎక్కడుందో కొట్టు దగ్గరే తెలిసిపోతుంది. కుర్రాడు బుర్ర లేకుండా ఒకే సబ్బుని అలమరలోంచి వెయ్యిసార్లు తీసి మళ్ళీ పెట్టాడనుకోండి. అలమరలో దొరికిన శాతం 99 దాటుతుంది, కొనడానికి వచ్చినాయన మాత్రం అలాగే నిలబడి ఉంటాడు. చెత్తగా రాసిన క్వెరీ చేసేది సరిగ్గా ఇదే. ఒకే బ్లాకుని మెమరీలోంచి లక్షలసార్లు చదివి ప్రాసెసర్‌ని తినేస్తుంది, రేషియోని మాత్రం మెరిపిస్తుంది. కానర్ మెక్‌డొనాల్డ్ అనే ఆస్ట్రేలియన్ నిపుణుడు దీని మీద ఒక కొంటె స్క్రిప్టు రాశాడు. మీకు ఎంత హిట్ రేషియో కావాలో చెప్తే చాలు, అవసరం లేని చదువులు చదివించి మీ డేటాబేసుని అక్కడికి చేరుస్తుంది. డేటాబేసు ఏమీ బాగుపడదు, అంకె మాత్రం బాగుపడుతుంది. ఒక నమ్మకాన్ని కూలగొట్టడానికి ఇంతకంటే మంచి వాదన నేను చూడలేదు.

విచిత్రం ఏమిటంటే సరైన ప్రశ్నకి కావలసిన సమాచారం అప్పటికే లోపల ఉంది. 1992లో వచ్చిన ఒరాకిల్ 7.0.12లో వెయిట్ ఈవెంట్లు చేర్చారు. ఒక సెషన్ పని చెయ్యకుండా ఆగిందంటే ఎందుకు ఆగిందో, ఎంతసేపు ఆగిందో డేటాబేసు రాసిపెట్టుకుంటుంది. డిస్కు కోసమా? ఇంకొకరు వేసిన తాళం కోసమా? కమిట్ చేసిన మార్పు లాగ్‌లోకి ఎక్కడం కోసమా? మొదట్లో ఈ ఈవెంట్లు నూటికి కాస్త పైన ఉండేవి, 10జి నాటికి 800 దాటాయి. పేర్లు మాత్రం చదివేవాణ్ణి తికమక పెట్టేవి. "డీబీ ఫైల్ సీక్వెన్షియల్ రీడ్" అన్నది చూసి ఫైలు మొత్తం వరసగా చదువుతోందేమో అనుకుంటాం. నిజానికి అది ఒక్కో బ్లాకు చొప్పున చదవడం, ఎక్కువగా ఇండెక్సు ద్వారా.

ఈ పేర్లకి అర్థాలు చెప్పే కాగితం మొదట కంపెనీ లోపలి మనుషుల చేతుల్లోంచే బయటికొచ్చింది. నెదర్లాండ్స్‌లో ఒరాకిల్‌లో పనిచేసిన ఆన్యో కోల్క్ ఒరాకిల్ 7 వెయిట్ ఈవెంట్లని ఒక్కొక్కటిగా వివరిస్తూ రాసిన పత్రం చేతులు మారుతూ లోకమంతా తిరిగింది. తర్వాత 1999లో ఆయన మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసానికి యాప్ అని ముద్దుపేరు వచ్చింది. అందులో సూత్రం ఒకటే. మనిషికి జవాబు అందడానికి పట్టిన సమయం అంటే పని చేసిన సమయం, ఎదురుచూసిన సమయం కలిపి. అంతే! బడిపిల్లలకి కూడా అర్థమయ్యే కూడిక. కానీ ఈ కూడిక వల్ల డీబీఏ తలెత్తి చూడాల్సిన దిక్కు మారింది. అలమర ఎంత నిండుగా ఉందన్నది పక్కకిపోయి, కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి దేనికోసం నిలబడ్డాడన్నది ముందుకొచ్చింది.

2003లో కేరీ మిల్‌సాప్, జెఫ్ హోల్ట్ రాసిన "ఆప్టిమైజింగ్ ఒరాకిల్ పెర్ఫార్మెన్స్" ఈ ఆలోచనని పూర్తిస్థాయి పద్ధతిగా మలిచింది. సిస్టమ్ మొత్తానికి సగటు చూడొద్దు, వ్యాపారానికి ముఖ్యమైన ఒక్క పనిని ఎంచుకోండి, ఆ ఒక్కదాని సమయం ఎటు పోయిందో చూడండి అంటారు వాళ్ళు. ఉదాహరణకి ఒక బిల్లు రావడానికి 100 సెకన్లు పట్టిందనుకుందాం. అందులో 70 సెకన్లు ఇంకొకరి తాళం కోసం ఆగినవైతే, ఎన్ని లక్షలు పోసి మెమరీ కొన్నా ఆ 70 అలాగే ఉంటాయి. సగటులో ఈ సంగతి కనపడదు. దీనికి వాళ్ళు వాడిన పనిముట్టు 10046 అనే ట్రేస్. చాలాకాలం పాటు అది తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్తే తెలిసే విద్యగానే ఉండేది. అదే కాలంలో టామ్ కైట్ 2000లో మొదలుపెట్టిన ఆస్క్ టామ్ ఇంకో అలవాటు నేర్పింది. ఎవరో గొప్పాయన చెప్పాడని నమ్మొద్దు, చిన్న పట్టిక చేసుకుని నడిపి చూడు, రుజువు చూపించు. ముందు కాన్సెప్ట్స్ గైడ్ చదవమని ఆయన చెప్పినన్నిసార్లు ఇంకెవరూ చెప్పి ఉండరు.

ఇంతకీ ఈ మలుపు అమీర్‌పేటకి చేరిందా? నా చేతికి వచ్చిన నోట్సుల మేరకే చెప్తాను. హాస్టల్లో సీనియర్లు వెళ్ళిపోతూ వదిలేసిన స్పైరల్ బైండింగ్ జిరాక్సులు కొన్ని నా దగ్గరున్నాయి. ముత్యాల్లాంటి దస్తూరి. బ్యాకప్ ఎలా తియ్యాలి, పోయిన డేటాఫైలు ఎలా తెచ్చుకోవాలి అన్న మెట్లు ఒక్కటీ తప్పకుండా ఉన్నాయి. హిట్ రేషియో సూత్రం చుట్టూ పెన్నుతో పెట్టె గీసి, పక్కన చుక్క పెట్టి, "90% పైన ఉండాలి, ఇంటర్వ్యూలో అడుగుతారు" అని రాసి ఉంది. వెయిట్ ఈవెంట్లకి దక్కింది సగం పేజీ, అదీ పేర్ల జాబితా.

దీన్ని చూసి వెక్కిరించడం తేలిక. నేను వెక్కిరించను. ఆ నోట్సు అసలు ఉద్దేశం వేరు. తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషు మాన్యువల్ తెరిస్తే కళ్ళు తిరిగే కుర్రాళ్ళకి రెండు మూడు నెలల్లో ఒక ఉద్యోగం దాకా దారి చూపాలి. ఇంటర్వ్యూ చేసేవాడు 90 శాతం అని వినాలనుకుంటే నోట్సు 90 శాతం అనే నేర్పుతుంది. తప్పు నేర్చుకున్నవాడిది కాదు. నిజం ముందే బయటపడినా, ప్రశ్నాపత్రం మారేదాకా పాఠం మారదు. ఇది మన ఇంటర్ చదువులకీ వర్తిస్తుంది, ఆ మాటకొస్తే మన సాహిత్య పాఠాలకీ.

2000 ప్రాంతంలో స్టాట్స్‌ప్యాక్, ఆ తర్వాత 10జితో ఏడబ్ల్యూఆర్ వచ్చాయి. గంటకోసారి డేటాబేసు తన స్థితిని తానే రాసుకుంటుంది, సెకనుకోసారి పనిలో ఉన్న సెషన్లని గమనిస్తుంది. ఒకప్పుడు కోల్క్ కాగితం దొరికినవాళ్ళకే తెలిసిన విషయం రిపోర్టు మొదటి పేజీల్లోకి వచ్చేసింది. కాకపోతే ఏడబ్ల్యూఆర్ వాడాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ మీద డయాగ్నస్టిక్స్ ప్యాక్ అని విడిగా డబ్బు కట్టాలి. ఎందుకు ఆగామో తెలుసుకోవడానికి కూడా రుసుము! స్టాట్స్‌ప్యాక్ మాత్రం ఇప్పటికీ ఉచితం. 2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.6 కూడా ఎవరు దేనికోసం ఆగారో చూపించడం మొదలుపెట్టింది. అది అందరిదీ, ఎవరూ లైసెన్సు అడగరు. ఇవాళ ఒక జిల్లా కాలేజీ విద్యార్థి తన పాత ల్యాప్‌టాప్‌లోనే రెండు సెషన్లు తెరిచి, ఒకదానితో తాళం వేసి, రెండోది దానికోసం ఎదురుచూడటం కళ్ళారా చూడొచ్చు.

పుస్తకాలు గ్రంథాలయాల్లో ఉంటాయి, కోల్క్ వ్యాసం వెతికితే దొరుకుతుంది. మరి ఆ జిరాక్సు నోట్సులు? "ఇక్కడ సర్వర్ ప్రాసెస్ ఏం చేస్తదంటే" అంటూ సగం తెలుగు సగం ఇంగ్లీషులో సాగిన ఆ పాఠాలు మన భాషలో సాంకేతిక విషయం చెప్పడానికి జరిగిన అతిపెద్ద ప్రయత్నాల్లో ఒకటి. ఏ విశ్వవిద్యాలయమూ చేయించలేదు, ఏ అకాడమీ అచ్చు వెయ్యలేదు. ఇళ్ళు మారినప్పుడల్లా కిలోల లెక్కన పాత పేపర్లతో పాటు పోతున్నాయి. మీ అటక మీద అలాంటి కట్ట ఉంటే అమ్మేసే ముందు ఒక్కసారి తెరిచి మార్జిన్లు చూడండి. పాఠం మధ్యలో విద్యార్థి రాసుకున్న సందేహం ఏదైనా ఉంటే, దాన్ని పడెయ్యకండి.