కళ్లజోడు బిల్లు తెచ్చిన హక్కు

లక్సెంబర్గ్ చాలా చిన్న దేశం. రాజధాని నుంచి బయల్దేరితే కాసేపట్లోనే బెల్జియంలోని ఆర్లోన్, గంటలోపే జర్మనీలోని ట్రియర్ వచ్చేస్తాయి. 1990ల మొదట్లో డెకర్ అనే లక్సెంబర్గ్ పౌరుడు తమ దేశంలోని కంటి డాక్టరు రాసిన చీటీ పట్టుకెళ్లి ఆర్లోన్‌లో కళ్లజోడు కొనుక్కున్నారు. ముందుగా అనుమతి తీసుకోలేదు గనక డబ్బు ఇవ్వబోమంది ఆరోగ్య బీమా సంస్థ. కోల్ అనే మరొకాయన తన కూతురి పలువరస ట్రియర్‌లో సరిచేయించడానికి అనుమతి కోరారు. 1994 ఫిబ్రవరిలో అదీ తిరస్కరించారు: అంత తొందరేం లేదు, ఆ వైద్యం ఇక్కడే దొరుకుతుంది అని.

ఆనాటి పద్ధతే అది. 1971 నాటి యూరప్ దేశాల ఉమ్మడి నియమావళి ప్రకారం, పరాయి దేశంలో ఉండగా జబ్బు చేస్తే ఈ-111 ఫారం ఆదుకునేది. వైద్యం కోసమే వెళ్లాలంటే ఈ-112 కావాలి, అంటే ముందస్తు అనుమతి.

ఇద్దరూ పట్టు వదల్లేదు. వ్యాజ్యాలు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లాయి. సామాజిక భద్రత మా సొంత వ్యవహారం, అనుమతి లేకుండా వెళ్లనిస్తే బీమా నిధి కుదేలవుతుంది, బయటి వైద్యుల నాణ్యతకు పూచీ ఎవరిది అని వాదనలు వచ్చాయి. 1998 ఏప్రిల్ 28న న్యాయస్థానం రెండు తీర్పులూ ఒకేరోజు ఇచ్చింది. కళ్లజోడు సరుకు, పళ్ల వైద్యం సేవ. రెండూ సరిహద్దులు దాటే స్వేచ్ఛ ఉన్నవే. వైద్యుల అర్హతలను యూరోపియన్ యూనియన్ సభ్యదేశాలు అప్పటికే పరస్పరం గుర్తిస్తున్నాయి. ఇక డబ్బు సంగతి. లక్సెంబర్గ్‌లో చేయించుకుంటే ఎంత ఇచ్చేవారో అంతే ఇమ్మని కదా అడుగుతున్నది, నిధికి అదనపు భారం ఎక్కడిది? నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. అంతటి గంభీరమైన వాదనకు జవాబు ఈ చిన్న లెక్కలో దొరికింది.

ఆసుపత్రి పడకల విషయం వేరు. వాటికి ప్రణాళిక కావాలి గనక ముందస్తు అనుమతి అడగవచ్చని 2001లో నెదర్లాండ్స్ రోగుల కేసులో అదే న్యాయస్థానం ఒప్పుకుంది. అయితే అంతే ఫలితమిచ్చే వైద్యం స్వదేశంలో సకాలంలో దొరికితేనే కాదనాలి అంది. సకాలం అంటే ఎంత? బ్రిటన్‌కు చెందిన వాట్స్ అనే మహిళ తుంటి కీలు నొప్పి భరించలేక 2003లో ఫ్రాన్స్‌లోని అబ్‌విల్‌లో 3,900 పౌండ్లు కట్టి శస్త్రచికిత్స చేయించుకున్నారు. వరుసలో ఇంకా వేచి ఉండాల్సిందన్నది మాత్రమే కారణంగా చూపి కాదనకూడదు, రోగి బాధ, జబ్బు తీవ్రత లెక్కలోకి రావాలి అని 2006లో తీర్పు వచ్చింది. రోగికి బిల్లే వేయని బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌కూ అది వర్తించింది.

ఇలా విడివిడిగా వచ్చిన తీర్పులను 2011 మార్చిలో యూరోపియన్ యూనియన్ ఒక ఆదేశంగా కూర్చింది. 2013 అక్టోబరు 25 నాటికి సభ్యదేశాలన్నీ తమ చట్టాల్లోకి తీసుకోవాలని గడువు పెట్టారు. సమాచారం చెప్పడానికి ప్రతి దేశంలోనూ ఒక కేంద్రం ఉండాలన్నారు. అక్కడి బీమాలో చేరి జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలకూ ఈ దారి తెరిచే ఉంది.

ఒక్క లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఈ ఆదేశం కింద సాధారణంగా రోగే ముందు మొత్తం చెల్లించాలి, తిరిగొచ్చేది స్వదేశపు రేటు మేరకే. చేతిలో అంత సొమ్ము లేనివాళ్లకు మిగిలింది ఈ-112 స్థానంలో వచ్చిన ఎస్‌2 ఫారం. దాంతో బిల్లు బీమాకే వెళుతుంది, కానీ అనుమతి మాత్రం ముందే తెచ్చుకోవాలి.