అప్పిచ్చేవాడికి బోర్డు, అప్పుపడ్డవాడికి దండోరా

మద్రాసు ప్రభుత్వం 1943లో పాన్‌బ్రోకర్ల (కుదవ వ్యాపారుల) చట్టం తెచ్చేనాటికి మన చిత్తూరు జిల్లా మద్రాసులో భాగం. 1953 అక్టోబరు 1న మనం ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చాం, మన వెంట ఆ చట్టమూ వచ్చింది.

మా నాయన తిరుపతిలో ఒక కుదవ అంగట్లో గుమాస్తా. చీటీ రాయడం ఆయన పని. నగ పేరు, తూకం, అప్పు, వడ్డీ, విడిపించుకోను ఏడాది గడువు, దానిమీద 7 రోజులు. ఆ 7 రోజులు మా వీధిలో ముసలమ్మలకు కూడా కంఠతా వచ్చు. వడ్డీ ఎంతో అడిగితే మాత్రం సేటు మొహం చూసేవాళ్లు.

ఏడాది మీద 7 రోజుల లెక్క ఇంగ్లండు వాళ్లది, 1872 నాటి వాళ్ల చట్టంలో ఉంది. అదే చట్టంలో ఇంకో షరతూ ఉంది. కొత్తగా కుదవ అంగడి పెట్టదలిచినవాడు కనీసం 21 రోజుల ముందు పోలీసు అధికారికి, పేదల బాగోగులు చూసే పారిష్ అధికారికి కబురు పెట్టాలి. వరుసగా రెండు ఆదివారాలు చర్చి తలుపు మీద ఆ నోటీసు అంటించాలి. ఊరంతా వచ్చే రోజు, ఊరంతా నడిచే గుమ్మం. ఫలానావాడు మన మధ్య వడ్డీ వ్యాపారం చేయబోతున్నాడని అందరికీ ముందే తెలియాలని.

మనకు 7 రోజులు వచ్చాయి గానీ చర్చి తలుపు రాలేదు. వస్తే దానికి రచ్చబండ ఉంది, చావిడి ఉంది, గుడి ఉంది. మా వీధిలో ఎవరు లైసెన్సుకు అర్జీ పెట్టుకున్నదీ బోర్డు వేలాడేదాకా తెలిసేది కాదు.

అప్పు తీసుకున్నవాడి సంగతి వేరు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడు ప్రకారం భూమి జప్తు చేస్తే డప్పు కొట్టి చాటాలి, ఆ ఉత్తర్వు నకలు అదే భూమిలో, కోర్టు గోడ మీదా అంటించాలి. చాటిన ఇంట్లో ఆడపిల్లకు సంబంధం కుదరడమే కష్టమయ్యేది. ఇచ్చేవాడి రాకకు చప్పుడు లేదు, తీసుకున్నవాడి పతనానికి డప్పు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

2010 అక్టోబరులో మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ కొంత దిద్దింది. అప్పులవాళ్ల ఆత్మహత్యల వార్తల తర్వాత వచ్చింది అది. కంపెనీ జిల్లాలో రిజిస్టరు చేసుకోవాలి, ఏయే ఊళ్లలో అప్పులిస్తుందో చెప్పాలి, వడ్డీ రేటు పెద్ద అక్షరాల్లో ఆఫీసులో పెట్టాలి అంది. అప్పటికే గ్రూపుల ఆడవాళ్లు వారం వారం కట్టీ కట్టీ నలిగిపోయారు.

అయినా ఇప్పటికీ తంతు అదే, చాటింపు చివర్లోనే. కుదవ బంగారం వేలానికి రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, ఒకటి స్థానిక భాషలో. అప్పులిచ్చే నిధి కంపెనీ బ్రాంచి మూసేటప్పుడు 30 రోజుల ముందు స్థానిక భాషా పత్రికలో వేయాలి. పోయేటప్పుడు చెప్పించే నియమాలున్నాయి. వచ్చేటప్పుడు చెప్పించేదేదీ?

మీ ఊరి గ్రామసభలో ఒక్క తీర్మానం పెట్టండి: కొత్త అప్పుల కంపెనీ ఏదొచ్చినా, తలుపులు తెరిచే ముందు దాని పేరు, వడ్డీ సచివాలయం గోడ మీద 21 రోజులు ఉండాలని.